పది సూదులు

రామకిషన్ భార్యకు పది సూదులూ తన చేత్తోనే వేశానని కస్తూరి నాలుగు నెలలుగా అనుకుంటూ ఉంది. ఆషాఢంలో ఒక ముసురు పొద్దున రామకిషన్ భార్య మొదటిసారి దవాఖానాకు వచ్చింది.

వెంట అత్త ఉంది. ఇద్దరూ రాజుర నుంచి తొలి బస్సుకు చాందా వచ్చి, జట్‌పురా గేటు దాకా వానలో నడిచారు. చీర అంచులు బురదతో బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటున్నాయి. అత్త గొడుగు ముడిచి గోడకు ఆనించి, వరండాలో కూర్చున్న వాళ్లందరినీ ఒకసారి చూసి అడిగింది.

"తెలుగు మాట్లాడే సిస్టరమ్మ ఎవలు?"

"నేనే. చెప్పు అవ్వా," అంది కస్తూరి.

డాక్టర్ పాధ్యే దవాఖానాలో కస్తూరి తొమ్మిదేళ్లుగా నర్సు. వాళ్లది బల్లార్షా బొగ్గుగనుల దగ్గర స్థిరపడిన తెలుగు కిరస్తానీ కుటుంబం. డాక్టరు మాట్లాడేది మరాఠీ, తెలుగు రాదు. నది అవతలి నుంచి వచ్చే రోగులకు తెలుగు తప్ప సరిగా రాదు. వాళ్ల బాధ ఆయనకు మరాఠీలో, ఆయన మందు వాళ్లకు తెలుగులో చెప్పడం సూదులు వేయడం కన్నా పెద్ద పని అయింది ఆమెకు.

"నా పేరు తిరుపతమ్మ. ఇది నా కోడలు. ఆరో నెల," అంది అత్త. "నిరుడు గిట్లనే ఎనిమిదో నెలల కడుపు పోయింది. పిల్లను ముట్టుకుంటే తోలు ఊడొచ్చింది బిడ్డా. ఈసారి నాకు భయమైతుంది. చాందాల సిస్టరమ్మ ఉన్నది, ఆడికి పొమ్మని మంత్రసాని చెప్పింది."

తోలు ఊడిందన్న మాట దగ్గర కస్తూరి తల ఎత్తి కోడలి వైపు చూసింది. ఇరవై రెండేళ్లు ఉంటాయి. సన్నగా, నిటారుగా కూర్చుంది. చేతులు పొట్ట మీద కాకుండా బెంచీ అంచు మీద పెట్టుకుంది.

కస్తూరి రిజిస్టరు తెరిచింది. పేరు భూదేవి. భర్త పేరు అడిగితే భూదేవి అత్త వైపు చూసింది. భర్త పేరు పలకని ఆడవాళ్ల దగ్గర ఎంతసేపు ఆగాలో కస్తూరికి తెలుసు. ఆగింది.

"రామకిషన్," అంది తిరుపతమ్మ. "తహసీల్ల కార్కూన్, రాతకోతల పని. మొన్నమొన్నటిదాంక నాందేడ్ల ఉండె."

కస్తూరి కలం కాగితం మీదే ఆగిపోయింది.

"ఎడమ కనుబొమ్మ మీద గాటు ఉంటది, ఆయననేనా?"

"ఆయన్నే. నీకెర్కనా బిడ్డా?"

"ఒకసారి చూసిన. మీకు కోడళ్లెందరవ్వా?"

"ఎందరేంది? ఒక్కడే కొడుకు, ఒక్కతే కోడలు. ఆ ఒక్కతన్న నా ఇంట్ల ఒక పిల్లను నిలబెడితే చాలు."

 భూదేవి కస్తూరి మొహంలోకి ఒక్క క్షణం చూసి, కళ్లు దించుకుంది.

ఆ రామకిషన్ హోళీ వెళ్లాక వచ్చాడు. రాజుర తాలూకా మొదట ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. రాష్ట్రాలు మార్చినప్పుడు నాందేడ్‌లో కలిపారు. మూడేళ్లు తిరిగేసరికి చాందాలో కలిపారు. నైజాం కాలంలో ఉర్దూ చదివి నౌకరీలో చేరినవాళ్లను మరాఠీ నేర్చుకోమని ఊరూరా తిప్పారు. రామకిషన్ మూడేళ్లు నాందేడ్‌లో ఒంటరిగా ఉన్నాడు. ఇప్పుడు కొత్త జిల్లాలో నౌకరీ పక్కా కావాలంటే ఒళ్లు బాగుందని డాక్టరు రాసిన కాగితం కావాలి. దాని కోసమే వచ్చాడు. డాక్టరు పరీక్ష చేసి, కాగితం పక్కన పెట్టి, నీకు గర్మి ఉందని చెప్పాడు.

గర్మి అంటే ఊళ్లలో అందరికీ తెలుసు. మగవాడు బయట తెచ్చుకుంటాడు, ఇంట్లో భార్యకు అంటిస్తాడు, ఆమె కడుపులో పిల్ల పోతుంది. ఒక్కరికే మందిస్తే లాభం లేదు, ఇద్దరికీ ఇవ్వాలి. పేరు అడిగితే ఏ మగవాడూ భార్యను తీసుకురాడు. అందుకని డాక్టర్ పాధ్యే ఒక పద్ధతి పెట్టుకున్నాడు. మగవాడికి ఒకే నంబరు వేసిన రెండు చీటీలు ఇస్తాడు, ఒకటి తనకు, ఒకటి భార్యకు. రిజిస్టరులో నంబరే ఉంటుంది. భార్య ఆ చీటీ పట్టుకుని వస్తే పేరు అడగకూడదు, ఊరు అడగకూడదు, జబ్బు పేరు చెప్పకూడదు. రక్తానికి బలం అని చెప్పి రోజుకొకటి చొప్పున పది సూదులు వేయాలి. ఈ పద్ధతి వల్ల ఎందరో ఆడవాళ్లు వచ్చారు, వాళ్ల పిల్లలు బతికారు. దాని గురించి నాగపూర్‌లో డాక్టర్ల సభలో చెప్పి వచ్చాడు కూడా. కస్తూరి అందులో తప్పు వెతకలేదు.

రామకిషన్ మొండికేశాడు. నాకు చాలు, భార్యకు ఎందుకన్నాడు. ఏడ్చాడు. పెద్దవాళ్ల చేత చెప్పిస్తానన్నాడు. భార్యకు పది సూదులూ పూర్తయ్యాకే సంతకం అని డాక్టరు కదల్లేదు. నాలుగో రోజు నలభై ఒకటో నంబరు చీటీ పట్టుకుని ఒకామె వచ్చింది. కొంగు నుదుటి దాకా లాక్కుని, సూది పొడిచినప్పుడల్లా కిసుక్కున నవ్వేది. అరచేతులు గరుకుగా, గోళ్ల చుట్టూ బూడిద నల్లగా పట్టి ఉండేవి. కార్కూన్ భార్య అయినా ఇంటి పని తనే చేసుకుంటుందని కస్తూరి మెచ్చుకుంది. నాగపూర్‌కు పంపిన రక్తంలో దోషం లేదని వచ్చింది. ఒక్కోసారి పట్టుబడదులే, సూదులు పూర్తి చెయ్యి అన్నాడు డాక్టరు. పదో రోజు ఆమె, "ఇగ రేపట్నుంచి రావద్దా?" అని కూలిపని ముగిసిన మనిషిలా అడిగింది. ఆ మాట ఇప్పుడు కస్తూరి చెవుల్లో గింగురుమంది. పది రోజులు ఆ మొహం చూసింది, ఆ చేతులు చూసింది. ఒక్క ప్రశ్న అడగలేదు.

ఆమె లోపలికి వెళ్లి డాక్టరుకు చెప్పింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

"ఖచ్చితంగా ఈమె కాదా బాయీ?"

"కాదు. ఆమె పొట్టిది. నల్లగా ఉంటుంది. ముప్పై దాటాయి."

"నేను సంతకం చేశాను కదా," అన్నాడు తనలో తను. కాసేపటికి, "ముందు రక్తం తియ్యి. నాగపూర్ నుంచి కాగితం వచ్చేదాకా ఆగొద్దు, ఇవాళే మొదలుపెట్టు. ఆరు నెలలంటే ఇప్పటికే ఆలస్యం. అత్తకు మాత్రం రక్తం పలచబడిందని చెప్పు," అన్నాడు.

తిరుపతమ్మ ఒప్పుకోవడానికి గంట పట్టింది.

"కడుపుతోని ఉన్నదానికి సూదులేంది బిడ్డా? మా అమ్మ పదకొండుమందిని కన్నది, సూది ముఖం చూడలే."

"మీ అమ్మకు నిరుటి లెక్క జరిగిందా?"

తిరుపతమ్మ కోడలి పొట్ట వైపు చూసింది. తర్వాత బాబుపేటలో తన అక్క కూతురు ఉందని, పది రోజులు అక్కడ ఉంటామని, కొడుక్కి బస్సు డ్రైవరు చేత కబురు పంపుతానని చెప్పింది.

మొదటి సూది పడ్డ సాయంత్రం జ్వరం వస్తుందని, భయపడొద్దని కస్తూరి ముందే చెప్పింది. జ్వరం వచ్చింది, పోయింది. రెండోది పడింది, మూడోది పడింది. ప్రతిరోజూ తిరుపతమ్మ గొడుగు మొత్తం కోడలి మీదికే వంచి, తను తడుస్తూ తీసుకొచ్చేది. కోడలి వాటా భక్ష్యాలు కూడా తనే తినే రకంలా కనిపించే మనిషి అలా తడవడం చూసి కస్తూరికి ఆమె మీద గౌరవం కలిగింది.

నాలుగో రోజు వాళ్ల కన్నా ముందే రామకిషన్ వచ్చాడు.

ఇస్త్రీ చేసిన చొక్కా, చేతిలో తోలు సంచి. డాక్టరు గదిలోకి వెళ్లి నమస్కారం పెట్టి, చెప్పకుండానే కూర్చున్నాడు. కస్తూరిని బయటికి పంపమన్నట్టు చూశాడు. డాక్టరు పంపలేదు. రామకిషన్ నాందేడ్‌లో నేర్చిన మరాఠీలో మాట్లాడాడు. ఆఫీసు మరాఠీ, ఒక్క తప్పు లేదు.

"నా భార్యకు ఏం వైద్యం జరుగుతోంది డాక్టర్ సాబ్?"

"నీకు జరిగిందే," అన్నాడు డాక్టరు. "మార్చిలో పంపించింది ఎవరిని?"

రామకిషన్ సంచి తెరిచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. అది నాగపూర్ నుంచి వచ్చిన రక్తపరీక్ష నకలు.

"మీరిచ్చిందే. నలభై ఒకటో నంబరు, భార్య. దోషం లేదు. కింద మీ సంతకం. మార్చిలో నా భార్య రక్తం శుభ్రంగా ఉందని మీరే రాసిచ్చారు. అప్పటినుంచి నేను మందు తీసుకుని, మీరు చెప్పినట్టే ఉన్నాను. ఇప్పుడు ఆమెకు జబ్బుందంటున్నారు. ఎక్కడి నుంచి వచ్చిందని నేను అడగాలా, మీరు అడుగుతారా?"



"అప్పుడు వచ్చింది ఈమె కాదు," అంది కస్తూరి. "సూదులు వేసింది నేను. మొహం చూశాను."

"పేరు అడిగారా?"

కస్తూరి డాక్టరు వైపు చూసింది.

"రాసుకున్నారా? లేదు. మీ పద్ధతే అది," అన్నాడు రామకిషన్. డాక్టరు వైపు తిరిగాడు. "సిస్టర్ చెప్పిందే నిజమని నేనూ ఒప్పుకుంటాను సాబ్. ఒప్పుకుంటే నా సర్టిఫికెట్ తప్పు. తప్పు సర్టిఫికెట్ మీద ఎవరి సంతకం ఉందని పైనుంచి అడుగుతారు. కొత్త జిల్లా. అందరి కాగితాలూ తిరగేస్తున్నారు. నాకు మీ పేరు బయటికి తేవాలని లేదు."

డాక్టర్ పాధ్యే బల్ల మీది కాగితాన్నే చూస్తూ ఉండిపోయాడు. రామకిషన్ లేచి, తలుపు దగ్గర కస్తూరి పక్కన ఆగి, ఈసారి తెలుగులో అన్నాడు.

"సిస్టర్, రాజురల చిన్నపోరన్ని అడుగు. పది సూదులంటే ఏం రోగమో చెప్తడు. నేను చాందాల ఏసుకున్న, ఎవలు జూడలే. దీన్ని మా అమ్మ బాజాప్తా గొడుగు వట్టి తీస్కపోతుంది."

"సూదులు ఆపితే లోపలున్న పిల్ల బతకదు. నీ పిల్ల."

"నా పిల్లనే అని కాయితం చెప్తలేదు గద," అని బయటికి వెళ్లాడు.

అతను వెళ్లాక డాక్టరు అన్నాడు.

"ఆమెను అడుగు బాయీ. వద్దంటే మనం ఏం చేయలేం. కావాలంటే వేద్దాం. కానీ ఇక మీద నంబర్లు వద్దు. పేరుతో రాయాలి. భర్త పేరు, ఊరు, జబ్బు, అన్నీ."

"ఈమె నుంచే మొదలుపెడతారా?"

"ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా," అన్నాడాయన కిటికీ వైపు తిరిగి.

అత్తాకోడళ్లు రాగానే రామకిషన్ తల్లిని వరండా చివరకు పిలిచి మాట్లాడసాగాడు. కస్తూరి భూదేవిని సూదుల గదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఒక ఆడమనిషికి ఆమె జబ్బు పేరు చెప్పింది. ఎవరి నుంచి వచ్చిందో చెప్పింది. మార్చిలో ఏం జరిగిందో చెప్పింది. తన తప్పు కూడా దాచలేదు.

భూదేవి అంతా విని, "నాకెర్కనే అక్కా," అంది.

"ఏమెర్క?"

"వచ్చింది వెంకటమ్మ. మా ఇంట్ల బాసన్లు తోముతది. హోళి ఎనుక పది రోజులు చాందాకు పోయొచ్చింది. తనకు బలం సూదులు ఏసిన్రని వాడంత చెప్పింది. దాని మొగుడు, బలమొచ్చింది గద, నన్ను గూడ సాదు అన్నడట." నవ్వబోయి మానేసింది. "కొత్త చీర కట్టుకొని మా ఇంటికే పనికొచ్చింది. ఆ చీర ఎవలు గొన్నరో నేనడగలే."

"తెలిసీ ఎందుకూకున్నవ్?"

"ఏమనాలె అక్కా? ఆయన నాందేడ్ల మూడేండ్లుండె. పండుగకో పబ్బానికో వస్తుండె. ఇంట్ల నేను, అత్త. నేనొచ్చి పది సూదులు ఏయించుకుంటే, మొగడు ఊర్ల లేనిదానికి గీ రోగమెట్లొచ్చింది అనరా? ఆయనొక్కడే గాదు, అందరంటరు. వెంకటమ్మ పోతే నాకు మంచిదే అనుకున్న." ఆమె గొంతు తగ్గింది. "అప్పటికి నెల తప్పిన సంగతి నాకు ఎర్కలే. ఎర్కయినంక రోజు రేపు అనుకుంట వచ్చిన. నిరుటిది ఒక్కసారికే అయితది, మల్ల గాదు అనుకున్న."

కస్తూరికి ఆమెను తిట్టాలనిపించింది, దగ్గరికి తీసుకోవాలనిపించింది. రెండూ చేయలేదు.

"సూదులు పూర్తి చేస్తే బతుకుతదా?" అడిగింది భూదేవి.

"బతకొచ్చు. ఆలస్యమైంది, ఖాయమని చెప్పలేను. చెయ్యకుంటే నిరుటి లెక్కనే."

"ఆయన ఏమన్నడు?"

కస్తూరి అదీ చెప్పింది. కాగితం మాట, నా పిల్ల కాదన్న మాట కూడా. డాక్టరు పేరు రాయాలంటున్నాడని చెప్పింది.

 భూదేవి చేతులు ఇవాళ పొట్ట మీదే ఉన్నాయి.

"పొద్దట్నుంచి తంతనే ఉన్నది," అంది. "ఆయన పేరు గూడ రాస్తరా?"

"రాస్తరు."

"గట్లయితే రాయనీ," అని పక్కకు తిరిగి పడుకుంది. "ఎయ్యి."

సూది తీసి దూదితో రుద్దుతుంటే తిరుపతమ్మ తలుపు తోసుకుని వచ్చింది. ఆమె మొహం ఎర్రగా ఉంది.

"ఓ సిస్టరమ్మా, నిజం చెప్పు. రక్తం పలచబడ్డదని నాకు చెప్పినవు. నా కొడుకు ఏందేందో అంటుండు."

"నీ కొడుకు నాందేడ్ నుంచి తెచ్చిండు అవ్వా. నీ కోడలికి అంటించిండు. నిరుడు పిల్లను తిన్నది అదే."

తిరుపతమ్మ బెంచీ మీద కూలబడింది. కోడలి వైపు చూసింది, చీర సర్దుకుంటున్న ఆ చేతుల వైపు చూసింది.

"వాని తండ్రి గూడ గిట్లనే ఉండె," అంది నెమ్మదిగా. "నాకు మూడు పోయినయ్. అప్పుడు గీ సూదులు లేకుండె." కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. "పది కానీ బిడ్డా. ముందుగాల మనుమడు దక్కాలె. ఎనుకటి సంగతి ఎనుక."

ఆ మాట విని కస్తూరి ధైర్యం తెచ్చుకుంది. ఇక ఈ పిల్లకు ఇంట్లో ఒక అండ ఉందనుకుంది. సాయంత్రం తుకుం పేటలో ఇంటికి వెళ్లి భర్త సిలువయ్యతో కూడా అదే చెప్పింది. "పెద్దామె నిలబడ్డది," అంది. "మనుమడు దక్కాలె అన్నదా, కోడలు దక్కాలె అన్నదా?" అని అడిగాడు సిలువయ్య, బూట్లు విప్పుకుంటూ. నువ్వెప్పుడూ ఇంతే అని కస్తూరి విసుక్కుంది.

పది సూదులూ పూర్తయ్యాయి. నాగపూర్ నుంచి కాగితం వచ్చింది. సౌభాగ్యవతి భూదేవి రామకిషన్, రాజుర, దోషం తీవ్రంగా ఉంది అని మరాఠీలో రాసి ఉంది. డాక్టరు దాన్ని తన సొరుగులో పెట్టాడు.

దసరా తర్వాత రాజుర నుంచి కడుపునొప్పికి మందు కోసం వచ్చిన లచ్చయ్య అనే రైతును కస్తూరి అడిగింది. కార్కూన్ ఇంట్లో ఆడపిల్ల పుట్టిందని, వాడంతా వినిపించేలా ఏడుస్తోందని చెప్పాడు. కస్తూరి ఆ రోజంతా ఎవరి మీదా విసుక్కోలేదు. డాక్టరుకు చెబితే, "చూశావా, ఆరో నెలలో మొదలుపెట్టినా దక్కింది," అని తన పుస్తకంలో రాసుకున్నాడు.

డిసెంబరు చలిలో భూదేవి పిల్లను ఎత్తుకుని వచ్చింది. ఒక్కతే ఉంది. రాజుర నుంచి కాదు, కోర్పనా అవతల పుట్టింటి ఊరి నుంచి వచ్చింది.

"పిల్లకు రక్తం చూడాలన్నవు గద అక్కా. చూడు."

పిల్ల బొద్దుగా ఉంది. ఒంటి మీద ఎక్కడా మచ్చ లేదు. రక్తం తీస్తుంటే దవాఖానా దద్దరిల్లేలా ఏడ్చింది.

"అత్త రాలేదా?"

"నేను ఆ ఇంట్ల లేను."

 భూదేవి పిల్లను భుజాన వేసుకుని జోకొడుతూ, ఊళ్లో ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

"ఇరవై ఒకటో రోజు పెద్దమనుషులను పిలిచిండు. పోచన్న పటేల్ వచ్చిండు, మా నాయిన వచ్చిండు. రెండు కాయితాలు తెచ్చిండు. ఒకటి ఎండకాలందట. భార్యకు ఏం లేదని ఉన్నదట. ఇంకొకటి వానకాలంది. దాంట్ల నా పేరు, ఆయన పేరు, ఊరు, అన్నీ ఉన్నయట. మరాఠి ఎవలకొస్తది ఆడ? ఆయనే సదివిండు. అందరు విన్నరు."

"వెంకటమ్మ?"

"వెంకటమ్మను ఎవలడిగిన్రు? నేను చెప్పిన. ఆమె నాకేమెర్కలే అన్నది. ఆమె మొగనికిప్పుడు తహసీల్ల జవాన్ నౌకరీ, ఆయన పెట్టించిందే."

"మీ అత్త ఏమన్నది? ఆమెకు నేను చెప్పిన. నీ ముంగటనే చెప్పిన."

"ఏమనలే. ఆడపిల్లాయె," అంది భూదేవి. "బస్సు దాంక మాత్రం వచ్చింది. పిల్లకు గొంగడి కప్పింది."

వానాకాలం కాగితం డాక్టరు సొరుగులో ఉండాలి. కస్తూరి తిన్నగా ఆయన గదిలోకి వెళ్లింది.

"ఆ రిపోర్టు రామకిషన్‌కు మీరిచ్చారా?"

"నకలు అడిగాడు. భర్త కదా బాయీ. భర్తకు కాక ఎవరికిస్తాను?"

"దాన్ని చూపించి ఆమెను వెళ్లగొట్టాడు."

డాక్టరు అద్దాలు తీశాడు. తుడవలేదు.

"మార్చిలో వచ్చింది ఈమె కాదని రాసివ్వండి," అంది కస్తూరి. "మరాఠీలో, మీ సంతకంతో. నేను రాసిస్తే నర్సు మాట నిలబడదు. మీదైతే నిలబడుతుంది."

ఆయన కాగితం తీసుకున్నాడు. కలం తీసుకున్నాడు. చాలాసేపు రాశాడు. మధ్యలో ఒకసారి చించి మళ్లీ రాశాడు. కస్తూరి గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇచ్చిన కాగితంలో, పిల్లకు పైకి రోగలక్షణాలేవీ లేవు, తల్లికి వైద్యం పూర్తిగా జరిగింది అని ఉంది. అంతే ఉంది.

"మిగతాది?"

"బాయీ, నా దగ్గరికి రోజూ యాభైమంది వస్తారు. రేపు నా సంతకానికి విలువ లేకపోతే వాళ్లందరూ ఎటు పోతారు?" ఆయన గొంతులో కోపం లేదు. "ఒక్కరి కోసం..." అని కలానికి మూత పెట్టాడు.

కస్తూరి ఆ కాగితం తెచ్చి భూదేవి చేతికిచ్చింది. అందులో ఏముందో చదివి చెప్పింది. ఏం లేదో కూడా చెప్పింది.

"నేను వస్తా," అంది తర్వాత. "మీ నాయిన ముందట, పటేల్ ముందట నేనే చెప్తా. సూదులు ఏసిన చేతులు నావి."

"నువ్వు ఆదివారం వస్తవు, సోమారం పోతవు అక్కా," అంది భూదేవి. "వచ్చిందెవలంటరు. పది సూదులు ఏసిన సిస్టరమ్మ అంటరు. ఆ మాటతోనే మల్ల మొదలైతది. మా నాయినకు ఇప్పుడే నిద్రవడుతుంది. రాకు."

కాగితాన్ని మడిచి పిల్ల బట్టల మూటలో పెట్టుకుంది. లేచి వరండా మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగింది.

"ఒక్కటి అడుగుత. సూదులు ఏసుకోకుంటే పిల్ల పోతుండె. నేను ఆ ఇంట్ల ఉంటుంటి. గంతే గద?"

కస్తూరికి అబద్ధం దొరకలేదు.

"గంతే," అంది.

భూదేవి తలూపింది. తను లెక్క వేసుకున్నదే మరొకరూ చెప్పినట్టు ఉంది ఆమె మొహం. పిల్ల తల మీదికి కొంగు లాగింది.

"కోర్పనా బస్సు ఎన్నిటికి?"

"రెండింటికి. రాజుర మీదికెల్లే పోతది."

"ఎర్కనే. ఆడ పావుగంట ఆగుతది," అంది భూదేవి. "నేను దిగను."